యుద్ధకాలపు తటస్థ దేశాల్లో కుట్రల కథలు: ఎక్కడ మొదలుపెట్టి ఎలా చదవాలి

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా లిస్బన్ పక్కన ఎస్టోరిల్ కాసినోలో బ్రిటిష్ వేగులూ జర్మన్ వేగులూ ఒకే కప్పు కింద జూదమాడేవాళ్లని, అంకారాలో బ్రిటిష్ రాయబారి పనివాడే రాత్రిపూట ఆయన కాగితాలకు ఫొటోలు తీసి జర్మన్లకు అమ్మేవాడని ఎక్కడో చదివి, అబ్బ భలే ఉందే అనుకుని చాలామంది ఈ సబ్జెక్టులోకి దిగుతారు. నేనూ అలాగే దిగాను. నాలుగు పుస్తకాలు అయ్యేసరికి తల తిరిగింది. పేర్లు, మారుపేర్లు, ఒకే మనిషికి రెండు పక్షాలవాళ్లూ పెట్టిన వేరువేరు మారుపేర్లు, ఎవడు ఎవరి దగ్గర జీతం తీసుకుని ఎవరికి పనిచేశాడో చార్టు గీసుకుంటే తప్ప అర్థం కాదు. తీరా అంతా చదివాక, ఇంతకీ దీనివల్ల యుద్ధంలో ఏం మారింది అని అడిగితే జవాబు లేదు.

తర్వాత తెలిసింది, నేను చదివే వరుసే తప్పని. వేగుల దగ్గర మొదలుపెట్టకూడదు. వాళ్లు ఏ దేశంలో కూర్చుని పనిచేశారో ఆ దేశం దగ్గర మొదలుపెట్టాలి. అది ఏం అమ్ముతోంది, దేనికి భయపడుతోంది, దేన్ని చూసీ చూడనట్టు వదిలేస్తోంది? ఈ మూడూ తెలిస్తే వేగుల కథలో సగం మీరే ఊహించేయొచ్చు, మిగతా సగంలో ఎంత కోతో కూడా తెలిసిపోతుంది. నేను ఎలా చదువుతానో చెప్తాను, మీకు నచ్చినట్టు మార్చుకోండి.

ముందు సరుకు పట్టుకోండి

యుద్ధంలో మునిగి ఉన్న దేశం ఎక్కడో పరాయి ఊళ్లో అంత డబ్బు పోస్తోందంటే అక్కడ దానికి కావలసినదేదో ఉందన్నమాట. పోర్చుగల్‌లో అది వోల్‌ఫ్రామ్, అంటే టంగ్‌స్టన్ ఖనిజం. టంగ్‌స్టన్ కరగాలంటే 3,400 డిగ్రీల సెల్సియస్ దాటాలి. ఉక్కును కోసే పనిముట్లకు, ట్యాంకు కవచాన్ని చీల్చే గుళ్లకు అది కావాలి. జర్మనీకి అంతకుముందు చైనా సరుకు సోవియట్ రైళ్ల మీద వచ్చేది. 1941 జూన్‌లో హిట్లర్ సోవియట్ మీద దాడి చెయ్యడంతో ఆ దారి తన చేత్తో తనే మూసుకున్నాడు. ఇక మిగిలింది పోర్చుగల్, స్పెయిన్.

ఆ తర్వాత పోర్చుగల్ కొండల్లో ఏం జరిగిందో చూడండి. ధర ఏడాది తిరిగేసరికి పది రెట్లు దాటింది. రైతులు పొలాలు వదిలేసి కొండలు తవ్వడానికి పోయారు. అన్నిటికన్నా పెద్ద గని పనాష్కైరా బ్రిటిష్ కంపెనీ చేతిలో ఉంది, జర్మన్ల చేతిలో వేరే గనులున్నాయి, వీటి మధ్య దొంగ సరుకు రాత్రిపూట చేతులు మారేది. ఇందులో తమాషా ఏమిటంటే బ్రిటన్, అమెరికా తమ అవసరానికి కొన్నది కొంతే, చాలా వరకు జర్మనీకి దక్కకూడదని కొన్నారు. వాళ్లు కొనేకొద్దీ ధర పెరిగింది, ధర పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువమంది తవ్వారు, తవ్విందంతా మళ్లీ కొనాల్సి వచ్చింది. ప్రధాని సలజార్ ఇద్దరికీ అమ్మాడు. బ్రిటన్‌కు అప్పు మీద, జర్మనీ దగ్గర బంగారం తీసుకుని. చివరికి 1944 జూన్‌లో, నార్మండీలో మిత్రపక్షాలు దిగిన ఆ రోజుల్లోనే, ఎవ్వరికీ అమ్మేది లేదని ఎగుమతి ఆపేశాడు. ఎస్టోరిల్‌లో టక్సీడోలు వేసుకుని తిరిగినవాళ్ల వెనక అసలు కథ ఈ మట్టి కొట్టుకున్న రాళ్లది.

టర్కీలో అయితే క్రోమ్, అంటే ఉక్కును గట్టిపరిచే ఖనిజం. ఇది ఇంకా బాగుంటుంది, ఎందుకంటే ఇక్కడ బేరం కాగితాల మీదే కనిపిస్తుంది. 1940 జనవరిలో బ్రిటన్, ఫ్రాన్స్‌లు టర్కీ క్రోమ్ మొత్తం తామే కొంటామని ఒప్పందం చేసుకున్నాయి. టర్కీ ఊరికే ఒప్పుకోలేదు, మా ఎండుపళ్లు కూడా కొనాలని పట్టుబట్టి కొనిపించుకుంది. ఒప్పందం గడువు 1943 జనవరితో ముగుస్తుంది. జర్మన్లు ఊరుకుంటారా? 1941 అక్టోబరులోనే వచ్చి, ఆ గడువు అయిపోయాక మాకు అమ్మండి, బదులుగా ఆయుధాలిస్తాం అని రాయించుకుపోయారు. 1943లోనే 90,000 టన్నుల దాకా, 1944లో ఇంకొంత. అంకారాలో 1943 చివర్లో వేగుల సందడి ఎందుకంత పెరిగిందో ఈ బేరం పక్కన పెట్టుకుని చూస్తే వేరే వివరణ పెద్దగా అక్కర్లేదు.

స్వీడన్‌లో ఇనుప ఖనిజం, బాల్ బేరింగులు. బేరింగుల మీద సినిమా తీయలేరు కాబట్టి పుస్తకాల్లో రెండు పేజీలు కూడా రాయరు. కానీ 1941 జనవరిలో స్వీడన్ తీరం నుంచి ఐదు నార్వే సరుకు ఓడలు ప్రాణాలకు తెగించి, జర్మన్ కాపలా దాటుకుని, బేరింగులూ ఉక్కూ వేసుకుని బ్రిటన్ చేరాయి. చాలా గూఢచారి కథలకన్నా నాకు అదే పెద్ద కథ.

సరుకంటే ఖనిజమే కానక్కర్లేదు. అట్లాంటిక్ మధ్యలో, సైనిక స్థావరానికి అనువుగా ఉన్న అజోర్స్ దీవులు పోర్చుగల్ దగ్గరున్న పెద్ద సరుకు. జర్మన్లు నార్వేను ఆక్రమించాక వాళ్ల టెలిగ్రాఫ్ సంభాషణలు స్వీడన్ భూమి మీదుగా వెళ్లే తీగల్లోనే నడిచేవి, అంటే స్వీడన్‌కు ఇంట్లో కూర్చోగానే చేతికొచ్చిన సరుకు అది. 1940 వేసవిలో ఆర్నె బ్యూర్లింగ్ అనే గణిత ప్రొఫెసర్ కాగితం పెన్సిలుతో రెండు వారాల్లో ఆ జర్మన్ సంకేత యంత్రం గుట్టు విప్పేశాడు. ఎలా విప్పాడో చచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు. తటస్థ దేశం అంటే ఇతరులు వచ్చి కుట్రలు చేసే ఖాళీ వేదిక అనుకుంటాం గానీ, ఇంటివాళ్లే అందరికన్నా ఎక్కువ విని ఉండొచ్చు.

కాబట్టి ఏ దేశం గురించి చదవబోతున్నా, పుస్తకం తెరవకముందే ఒక కాగితం మీద రాసుకోండి: ఇక్కడి సరుకేమిటి, ఎవరికి కావాలి, ఎవరికి దక్కకూడదని ఎవరు కోరుకుంటున్నారు, డబ్బు ఏ రూపంలో ఇస్తున్నారు. దొరక్కపోతే చదువుతూ నింపుకోండి. ఆఖరి పేజీకొచ్చినా నింపలేకపోతే ఆ పుస్తకం మీద అనుమానపడండి.

మ్యాపు తెరిచి భయం ఎటుందో చూడండి

మ్యాపు 1941 నాటిది కావాలి, ఇప్పటిది పనికిరాదు. టర్కీ చుట్టూ వేలు తిప్పండి. పడమట బల్గేరియా: 1941 మార్చి 1న జర్మనీ పక్షంలో చేరిపోయింది, అంటే ఇస్తాంబుల్ నుంచి కారులో ఒక్క పూట దూరంలో జర్మన్ సైన్యం. తూర్పున సోవియట్ యూనియన్: టర్కీకి తరాల నాటి భయం అదే, బాస్ఫరస్ జలసంధి మీద రష్యా కన్ను కొత్తది కాదు. 1939 అక్టోబరులో బ్రిటన్, ఫ్రాన్స్‌లతో సహాయ ఒప్పందం రాసుకున్నప్పుడు కూడా, సోవియట్‌తో యుద్ధానికి దారితీసే పని ఏదీ మమ్మల్ని చెయ్యమనకూడదని టర్కీ ప్రత్యేకంగా ఒక షరతు పెట్టించింది. 1940లో ఇటలీ యుద్ధంలోకి దిగగానే, ఒప్పందం ప్రకారం రండి అంటే, ఆ షరతు చూపించి ఇంట్లోనే ఉండిపోయింది.

దీన్ని గోడమీద పిల్లి వాటం అని తేల్చిపారేయడం తేలిక. పదేళ్లకు పైగా వరసగా యుద్ధాలు చేసి, సామ్రాజ్యం పోగొట్టుకుని, అందులోంచి లేచిన దేశం అది. అధ్యక్షుడు ఇస్మెత్ ఇనోను ఆ యుద్ధాల్లో సైన్యాలు నడిపినవాడే. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అన్న లెక్క ఆయనది, ఆ లెక్కతోనే ఆరేళ్లు లాక్కొచ్చాడు. అది పిరికితనమా తెలివా అన్నది మీరు తేల్చుకోండి, నాకైతే తెలివే అనిపిస్తుంది.

పోర్చుగల్ భయాలు వేరు. భూమి మీద స్పెయిన్ తప్ప పొరుగు లేదు, జర్మన్లు స్పెయిన్ దక్షిణ కొసనున్న బ్రిటిష్ స్థావరం జిబ్రాల్టర్ కోసం స్పెయిన్‌లోకి వస్తే తర్వాతి మెట్టు లిస్బనే. సముద్రం మీద దీవులు, వలసలు చెల్లాచెదురుగా ఉన్నాయి, అవి ఎవరు లాక్కున్నా ఆపే నౌకాదళం లేదు. ఈ భయం ఊహ కాదని 1941 డిసెంబరులో తేలింది: పోర్చుగీస్ తిమోర్‌లో అడక్కుండా ఆస్ట్రేలియా, డచ్ సైన్యాలు దిగాయి, రెండు నెలలు తిరిగేసరికి జపాన్ వచ్చి ఆక్రమించింది. దాన్ని మనసులో పెట్టుకుని చూస్తే సలజార్ ప్రతి నిర్ణయం నత్తనడక ఎందుకో అర్థమవుతుంది.

రూలు తెలియకపోతే సగం మిస్సవుతారు

యుద్ధంలో తటస్థుల హక్కులు, బాధ్యతలు చెప్పే 1907 నాటి హేగ్ ఒప్పందాలు మొత్తం చదవక్కర్లేదు, మూడు ముక్కలు చాలు. తటస్థ భూమి మీదుగా యుద్ధంలో ఉన్నవాళ్ల సైన్యం నడవకూడదు. యుద్ధనౌక తటస్థ రేవులో మామూలుగా 24 గంటలే ఉండొచ్చు, దెబ్బతిని ఉంటే మరమ్మతు వరకు గడువివ్వొచ్చు. శత్రుదేశపు సరుకు ఓడ బయల్దేరితే, దాని వెనకే వేటకు పోకుండా యుద్ధనౌక 24 గంటలు ఆగాలి.

ఈ మూడో రూలుతో ఏం చెయ్యొచ్చో చూడాలంటే 1939 డిసెంబరు, మాంటెవిడియో. జర్మన్ యుద్ధనౌక గ్రాఫ్ ష్పే 13వ తేదీన బ్రిటిష్ నౌకలతో పోరులో దెబ్బతిని ఉరుగ్వే రేవులో దూరింది. బ్రిటిష్ వాళ్లు మొదట, వెంటనే వెళ్లగొట్టండి అని గోల చేశారు. తర్వాత లెక్క చూసుకుంటే బయట కాపు కాస్తున్న తమ నౌకలూ బాగా దెబ్బతిని ఉన్నాయి, పెద్దవి రావడానికి రోజులు పడుతుంది. అదే నోటితో ఇప్పుడు ఉంచండి అనలేరు కదా. పైకి పాత గోలే చేస్తూ, లోపల రేవులోని తమ సరుకు ఓడల్ని ఒక్కొక్కటిగా బయటికి పంపారు. ఓడ కదిలిన ప్రతిసారీ గ్రాఫ్ ష్పేకి ఇంకో 24 గంటల బ్రేకు. ఇంకోపక్క, పెద్ద నౌకలు రెనౌన్, ఆర్క్ రాయల్ వచ్చేశాయని పుకారు లేపారు. అవి అప్పటికి ఎక్కడో వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ఉరుగ్వే ఇచ్చిన 72 గంటలు ముగిసే వేళకు, 17వ తేదీ సాయంత్రం, కెప్టెన్ లాంగ్స్‌డోర్ఫ్ నౌకను బయటికి నడిపి తనే పేల్చేశాడు. రెండు మూడు రోజులకు బ్యూనస్ ఎయిర్స్‌లో కాల్చుకుని చనిపోయాడు. రేవులో దూరాక ఒక్క బ్రిటిష్ గుండు పేలలేదు. రూలు, ఒక పుకారు, ఇద్దరి మధ్య నలిగిన ఒక చిన్న ప్రభుత్వం, అంతే.

మొదటి రూలును స్వీడన్ 1941 జూన్‌లో తొక్కింది. ఒక పూర్తి జర్మన్ డివిజన్‌ను నార్వే నుంచి ఫిన్లాండ్‌కు తన రైళ్లలో పోనిచ్చింది. అందుకే "తటస్థం" అన్న మాట కనిపించినప్పుడల్లా ఏ రూలు పాటించారు, ఏది వంచారు, ఏ నెలలో అని అడగాలి. స్పెయిన్ అయితే 1940లో ఆ మాట కూడా పక్కనపెట్టి, మేం యుద్ధంలో లేం అంతే అన్న ఇంకో హోదా ప్రకటించుకుంది. మళ్లీ తటస్థం అన్నది 1943లో, గాలి మారాక.

తేదీలు పక్కపక్కన పెట్టండి

ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని, ఖర్చు కూడా లేదు. ఒక పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు యుద్ధరంగంలో జరిగినవి, కుడివైపు తటస్థ దేశంలో జరిగినవి రాయండి. టర్కీ, జర్మనీ స్నేహ ఒప్పందం 1941 జూన్ 18. ఎడమవైపు చూడండి: జూన్ 22న జర్మనీ సోవియట్ మీద పడింది. నాలుగు రోజులు. టర్కీ క్రోమ్ ఆపింది 1944 ఏప్రిల్‌లో, జర్మనీతో సంబంధాలు తెంచుకుంది ఆగస్టు 2న, యుద్ధం ప్రకటించింది 1945 ఫిబ్రవరి 23న, అంటే బెర్లిన్ పడటానికి పది వారాల ముందు. కుడివైపు వరస ఎడమవైపు నీడలా నడుస్తుంది.

ఇంకా సూటిగా కొలవాలంటే జైలు చూడండి. 1942 ఫిబ్రవరి 24న అంకారా నడిబొడ్డున జర్మన్ రాయబారి ఫాన్ పాపెన్ భార్యతో నడిచి వెళ్తుండగా బాంబు పేలింది. తెచ్చినవాడే తునకలైపోయాడు, పాపెన్ దంపతులు కిందపడి చిన్న దెబ్బలతో లేచారు. టర్కీ పోలీసులు ఇద్దరు సోవియట్ మనుషుల్ని పట్టుకున్నారు, కోర్టు దీర్ఘ శిక్ష వేసింది. జర్మన్లు గెలుస్తున్న కాలం అది. ఆ ఇద్దరూ ఎప్పుడు బయటికొచ్చారనుకున్నారు? 1944 ఆగస్టులో, జర్మనీతో సంబంధాలు తెగిన నెలలోనే. నేరం మారలేదు, సాక్ష్యం మారలేదు. ఎవర్ని ఎప్పుడు పట్టుకున్నారు, ఎవర్ని ఎప్పుడు వదిలారు, ఎవర్ని చడీచప్పుడు లేకుండా సరిహద్దు దాటించారు అనే జాబితా ఒకటి రాసుకుంటే ప్రభుత్వం మనసు అందులో కనిపిస్తుంది, పత్రికా ప్రకటనల్లో కాదు.

అదే ఫిబ్రవరి 24న నల్ల సముద్రంలో స్ట్రూమా ఓడ మునిగింది. రొమేనియా నుంచి పారిపోతున్న యూదు శరణార్థులు, 700 మందికి పైగా. వారాల తరబడి ఇస్తాంబుల్ రేవులో దిగనివ్వకుండా ఉంచి, ఇంజను పనిచెయ్యని ఓడను మళ్లీ సముద్రంలోకి లాగి వదిలేశారు, సోవియట్ జలాంతర్గామి టార్పెడో వేసింది, బతికింది ఒక్కడు. అంకారా బాంబు గురించి రాసే పుస్తకాల్లో ఈ ఓడ చాలాసార్లు ఉండదు. మీ పేజీలో రెండూ ఒకే గడిలో పడతాయి, పడనివ్వండి.

ఇప్పుడు వేగుల దగ్గరకు రండి

మొదట్లో చెప్పిన పనివాడి పేరు ఎలిసా బజ్నా. బ్రిటిష్ రాయబారి నాచ్‌బుల్-హ్యూగెసన్ బట్టలు సర్దే పని. 1943 అక్టోబరులో జర్మన్ ఎంబసీకి వెళ్లి రెండు రోల్స్ ఫిల్ముకి 20,000 పౌండ్లు అడిగాడు. ఇచ్చారు. సిసిరో అని పేరు పెట్టారు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, బ్రిటిష్ వాళ్లు నెలల తరబడి వాణ్ణి పట్టుకోలేకపోయారు.

ఈ కథ చదివేటప్పుడు మూడు ప్రశ్నలు పట్టుకోండి. దేంతో జీతమిచ్చారు? దాదాపు మూడు లక్షల పౌండ్లు, అందులో ఎక్కువ భాగం జర్మన్లు అచ్చేసిన దొంగ నోట్లు. సమాచారం ఎవరు వాడారు? బెర్లిన్‌లో విదేశాంగ మంత్రి రిబ్బెన్‌ట్రాప్ ఇది బ్రిటిష్ వల అని అనుమానిస్తూ కూర్చున్నాడు. నార్మండీ దాడికి పెట్టిన ఓవర్‌లార్డ్ అన్న రహస్య పేరు ఆ కాగితాల్లో దొరికింది గానీ, దిగేది ఎక్కడో ఎప్పుడో దొరకలేదు. అంకారాలో ఉన్న పాపెన్‌కు మాత్రం, టర్కీని యుద్ధంలోకి లాగడానికి బ్రిటన్ ఎంత ఒత్తిడి పెడుతోందో తెలిసింది, అది స్థానికంగా పనికొచ్చింది. గుట్టు ఎలా బయటపడింది? ఇంకో తటస్థ దేశంలో! జర్మన్ విదేశాంగ శాఖలో పనిచేసే ఫ్రిట్జ్ కోల్బె స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌కు వచ్చి, అమెరికా వేగుల అధికారి అలెన్ డల్లెస్‌కు కాగితాలిచ్చాడు. అంకారాలో సిసిరో అని ఒకడున్నాడన్న సంగతి వాటిలో ఉంది. ఈ కోల్బె మొదట బ్రిటిష్ వాళ్ల దగ్గరకే వెళ్తే నమ్మక తిప్పి పంపేశారు. తమ ఇంటి దొంగ గురించి చెప్పగలిగేవాణ్ణి తమ గుమ్మంలోంచే వెళ్లగొట్టారన్నమాట.

యుద్ధం అయ్యాక బజ్నా ఆ నోట్లతో వ్యాపారం మొదలెట్టి దొరికిపోయాడు. తనకు అన్యాయం జరిగిందని పశ్చిమ జర్మనీ ప్రభుత్వాన్ని పరిహారం అడిగాడు కూడా. ఇవ్వలేదు. దొంగతనానికి జీతం దొంగ నోట్లలో వస్తే ఏ కోర్టుకు పోతాడు!

లిస్బన్‌లో దీనికి అద్దంలో బొమ్మలాంటి మనిషి హువాన్ పుజోల్, స్పెయిన్ వాడు. బ్రిటిష్ వాళ్లు వద్దంటే జర్మన్ల దగ్గర వేగుగా చేరి, ఇంగ్లండ్ వెళ్లానని చెప్పి లిస్బన్‌లోనే కూర్చున్నాడు. టూరిస్టు గైడు పుస్తకం, రైలు టైంటేబుల్ ముందేసుకుని రిపోర్టులు అల్లాడు. గ్లాస్గోలో ఒక లీటరు వైను పోస్తే జనం ఏ పనైనా చేస్తారని రాశాడట, ఆ ఊళ్లో తాగేది వైను కాదని తెలియక. అయినా జర్మన్లు నమ్మారు. 1942లో బ్రిటిష్ వాళ్లు తీసుకుపోయి గార్బో అని పేరుపెట్టి, లేని 27 మంది సహాయకుల్ని సృష్టించి నడిపించారు. జర్మన్ ఐరన్ క్రాస్ పతకమూ వచ్చింది, బ్రిటిష్ ఎంబీఈ బిరుదూ వచ్చింది. నిజం తెచ్చిన బజ్నాను బెర్లిన్ అనుమానించింది, అబద్ధం అల్లిన పుజోల్‌ను నెత్తిన పెట్టుకుంది. వేగు ఎంత గొప్పవాడు అనే ప్రశ్న దగ్గరే ఆగిపోకండి, అవతల చదివేవాడు ఏం వినాలనుకుంటున్నాడో చూడండి.

స్పెయిన్ తీరం ఊయెల్వా దగ్గర 1943 ఏప్రిల్ 30న జర్మన్లను మోసగించడానికి బ్రిటిష్ వాళ్లు నీళ్లలోకి వదిలిన శవం సంగతి చాలామందికి తెలుసు, దొంగ కాగితాల బ్రీఫ్‌కేసుతో సహా. దాన్ని కూడా ఈ పద్ధతిలోనే చదవండి. శవం ఎంత బాగా తయారుచేశారన్నది చిన్న విషయం. స్పెయిన్ అధికారులు కాగితాల్ని పద్ధతిగా బ్రిటన్‌కు తిరిగిస్తూనే, మధ్యలో జర్మన్లకు చూపిస్తారని బ్రిటిష్ వాళ్లు ముందే లెక్కేశారు. పథకం అంతా ఇంటివాడి బుద్ధి మీద నిలబడింది.

కోతలు ఎలా తీసెయ్యాలి

ఈ రంగంలో యుద్ధం అయ్యాక అందరూ ఆత్మకథలు రాశారు, ఎవరి కథలో వాళ్లే హీరో. నేను పెట్టుకున్న జల్లెడ ఇది: ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఆ సంగతి రెండో పక్షం కాగితాల్లోనూ ఉందా. లిస్బన్ నుంచి బ్రిస్టల్ వెళ్తున్న 777 నంబరు విమానాన్ని 1943 జూన్ 1న జర్మన్ యుద్ధ విమానాలు కూల్చాయి, 17 మంది పోయారు, నటుడు లెస్లీ హోవర్డ్ వాళ్లలో ఒకరు. ఇంతవరకు గట్టి సంగతి. అందులో చర్చిల్ ఉన్నాడనుకుని కూల్చారన్న కథ చాలా ప్రచారంలో ఉంది, చర్చిల్ కూడా అలాగే రాశాడు, కానీ అది ఊహ. మీ నోట్సులో రెండిటికీ వేరు రంగు సిరా వాడండి. నేను ఆకుపచ్చ, ఎరుపు వాడతాను. కొన్ని పుస్తకాలకు పేజీలన్నీ ఎర్రబడ్డాయి.

హోటల్ బార్ సీన్లు కనిపిస్తే కాస్త జాగ్రత్త. ఎస్టోరిల్‌లో పలాసియో హోటల్లో మిత్రపక్షాలవాళ్లు, దగ్గర్లోనే అట్లాంటికో హోటల్లో జర్మన్లు ఎక్కువగా దిగేవాళ్లన్నది నిజమే. అయితే పని ఎక్కువగా నడిచింది రేవు గుమస్తాలు, టెలిగ్రాఫ్ ఆపరేటర్లు, వీసా కౌంటర్ల దగ్గర.

ప్రాక్టీసుకి: గోవా, 1943

ఒక కేసు ఇస్తాను, మీరే చెయ్యండి. గోవా అప్పుడు పోర్చుగల్ చేతిలో ఉంది కాబట్టి అదీ తటస్థ భూమే. యుద్ధం మొదలయ్యాక జర్మన్ సరుకు ఓడలు మూడు, ఎహ్రెన్‌ఫెల్స్, ద్రాకెన్‌ఫెల్స్, బ్రౌన్‌ఫెల్స్, మార్మగోవా రేవులో తలదాచుకుని ఉండిపోయాయి. తర్వాత ఇటలీ ఓడ అన్ఫోరా కూడా. ఎహ్రెన్‌ఫెల్స్‌లోని రహస్య రేడియో హిందూ మహాసముద్రంలో జలాంతర్గాములకు ఓడల కదలికలు చెబుతోందని బ్రిటిష్ వాళ్ల అనుమానం. 1943 మార్చి 9 రాత్రి ఫీబీ అనే మట్టి మోసే పడవలో కొందరు వచ్చి ఎహ్రెన్‌ఫెల్స్ ఎక్కారు. వాళ్లు కలకత్తా లైట్ హార్స్ అనే ఆదివారం సైన్యం, అంటే తీరిక వేళల స్వచ్ఛంద దళం తాలూకు మధ్యవయసు వ్యాపారులు, గుమస్తాలు, యూనిఫాం లేదు. ఎహ్రెన్‌ఫెల్స్ కెప్టెన్ చనిపోయాడు, నాలుగు ఓడల్నీ వాటి నావికులే ముంచేశారు. సంగతి మూడు దశాబ్దాలకు పైగా బయటికి రాలేదు.

ఇప్పుడు ఎడమ, కుడి గడులు గీయండి. ఆ 1943లోనే బ్రిటన్‌కు సలజార్ దగ్గర అజోర్స్ దీవులు కావాలి. ఆగస్టులో ఒప్పందం కుదిరింది, అక్టోబరులో బ్రిటిష్ సైన్యం అక్కడ దిగింది, చర్చిల్ పార్లమెంటులో ఇంగ్లండ్, పోర్చుగల్‌ల మధ్య 1373 నాటి ఒప్పందాన్ని గుర్తుచేసి మరీ ప్రకటించాడు. అంటే మార్చిలో అసలు సైనికుల్ని యూనిఫాంతో గోవాకు పంపి, దొరికిపోతే ఏమయ్యేది? మధ్యవయసు గుమస్తాలు ఎందుకు పనికొచ్చారో, పోర్చుగల్ ఎందుకు పెద్దగా రచ్చ చెయ్యలేదో ముందు మీరే రాసుకోండి. ఆ తర్వాతే పుస్తకం తెరవండి. రేడియో వల్ల నిజంగా ఎన్ని ఓడలు మునిగాయన్న దగ్గర మాత్రం ఎర్ర సిరా వాడటం మర్చిపోకండి.